మీమా ప్రతిబింబం

జపాను దర్శకుడు సతోషి కోన్ (1963–2010) తొలి చలనచిత్రం ‘పర్ఫెక్ట్ బ్లూ’. 1997 నాటి ఈ చిత్రానికి యోషికజు తకెయుచి నవల ఆధారం. యానిమేషన్ అనగానే బాలల వినోదమని తలచేవారు ఇది పెద్దలకై గీసిన చిత్రమని గ్రహించాలి.

కథానాయిక మీమా గాయనీబృందాన్ని విడిచి నటిగా మారుతుంది. ‘మీమా గది’ అనే వెబ్‌సైటులో ఎవరో ఆమె పేరిట దినచర్య రాస్తుంటారు. రైలు దిగేటప్పుడు ఆమె ఏ పాదం ముందు మోపుతుందో కూడా అందులో ఉంటుంది! తొలుత నవ్వుకున్న మీమా క్రమంగా భయవిహ్వల అవుతుంది. గాయని వేషంలోని తన రూపమే ఎదుట నిలిచి, అసలు మీమాను తానేనంటుంది. ఆమె నటజీవితంతో సంబంధమున్నవారు హత్యకు గురవుతారు. ఆ హంతకురాలు తానేనేమోనన్న శంక ఆమెను దహిస్తుంది.

మన ఆలంకారికులు చెప్పిన భ్రాంతిమదలంకారంలో భ్రమపడేది పాత్ర మాత్రమే; అది భ్రమ అని పాఠకునికి తెలుసు. కోన్ ప్రేక్షకునికి ఆ సౌలభ్యం ఇవ్వలేదు. మీమా నిద్ర లేస్తుంది. గడచినది కల అనుకుంటాం. అంతలో ‘కట్’ అన్న కేక వినిపిస్తుంది. అది నటన అనుకుంటాం. ఆమె మళ్లీ నిద్ర లేస్తుంది. కలనూ మెలకువనూ ఒకే చేయి, ఒకే రంగులతో చిత్రించినందున వాటిని వేరుచేసే ఆనవాలు కంటికి దొరకదు. ఈ చిత్రానికి యానిమేషన్ తగిన మాధ్యమం కావడానికి కారణం ఇదే.

చివరి దృశ్యంలో మీమా తాను నిజమైన మీమానేనని నవ్వుతూ అంటుంది. ఆ మాట అంటున్నప్పుడు మనకు కనిపించేది కారు అద్దంలోని ఆమె ప్రతిబింబం.