ముంగిట్లో కచేరీ: చిన్న మైక్ సెట్టుకు పన్నెండు చిట్కాలు

సైనిక్‌పురిలో ముంగిలి ఉన్న ఇళ్లు ఇంకా కొన్ని మిగిలాయి. రిటైరైన సైనికుల కోసం ఏర్పడిన కాలనీ ఇది. శ్రీరామనవమికో, త్యాగరాజ ఆరాధనకో ఎవరో ఒకరి ఇంటి ముందు జంపఖానాలు పరుస్తాం. యాభై అరవైమందిమి కూర్చుని పాట వింటాం. మా సెట్టు చిన్నది: ఆంప్లిఫయర్ లోపలే ఉన్న పన్నెండంగుళాల బాక్సులు రెండు, ఆరు చానళ్ల మిక్సరు, నాలుగు మైకులు, స్టాండ్లు. దానితో నేను నేర్చుకున్నవీ, ఆర్మీ సిగ్నల్స్‌లో పనిచేసి వచ్చిన పక్కింటి బాబాయిగారు నేర్పినవీ ఇవి.

1. వెనక వరుసలో అమ్మమ్మకు వినపడకపోతే ముందు బాక్సు ఎత్తు చూడండి. మొదటి ఏడాది నవమికి నేను బాక్సుల్ని అరుగు మీదే పెట్టేశాను. వెనకవాళ్లకు మాట తెలియడం లేదంటే వాల్యూమ్ పెంచాను. ముందున్న పిల్లలు చెవులు మూసుకున్నారు, వెనకవాళ్లకు మాత్రం సాహిత్యం అందలేదు. బాబాయిగారు లేచి వచ్చి, "అది ముట్టుకోకమ్మా, బాక్సు పైకెత్తు" అని తమ ఇంట్లోంచి స్టాండ్లు తెప్పించారు. ఆరుబయట దూరం రెట్టింపైనప్పుడల్లా శబ్దం 6 డెసిబెల్స్ పడిపోతుంది. బాక్సుకు 2 మీటర్ల దగ్గర 84 ఉంటే 4 మీటర్ల దగ్గర 78, 8 మీటర్ల దగ్గర 72. పైగా చ, స, ష వంటి పదునైన హల్లులు బాక్సు పైభాగంలో ఉన్న హారన్ నుంచి వస్తాయి. అవి తిన్నగా పోయే రకం. ఎదురుగా తలలు అడ్డొస్తే అక్కడే ఆగిపోతాయి. మాట అందకపోవడానికి అసలు కారణం ఇదే. హారన్ కూర్చున్నవాళ్ల తలలకు మూడు నాలుగడుగుల పైన ఉండాలి, దాని మూతి చివరి వరుసను చూడాలి. జంపఖానా మీద కూర్చుంటే ఒక ఎత్తు, ప్లాస్టిక్ కుర్చీల్లో అయితే ఇంకో ఎత్తు. జనం వచ్చాక మరోసారి సరిచూసుకోండి.

2. స్టాండు కాళ్లు పూర్తిగా విప్పండి. చైత్ర వైశాఖాల్లో సాయంత్రం ఉన్నట్టుండి గాలి లేస్తుంది. పాత బియ్యం సంచిలో ఇసుక నింపి కాళ్ల మీద వేస్తే బాక్సు కదలదు. పెద్ద ప్లాస్టిక్ కవర్లు రెండు దగ్గరుంచుకోండి. ఉరుము వినపడితే ప్లగ్గులు తీసేయడమే.

3. సెట్టు కుయ్‌మంటోందంటే మైకుకు తన గొంతు తనకే వినిపిస్తోందని అర్థం. బాక్సులోంచి వచ్చింది మళ్లీ మైకులో దూరి, పెరిగి, మళ్లీ బాక్సులోంచి వస్తుంది. అందుకే బాక్సులు గాయకుల కంటే ఒకటి రెండు మీటర్లు ముందుండాలి, వాటి వెనక మైకులు. మామూలు చేతి మైకు ఎదుటి శబ్దాన్నే ఎక్కువగా పట్టి, వెనకవైపుది వదిలేస్తుంది. గాయకుల కోసం చిన్న బాక్సు పెడితే మైకు వెనకవైపు పెట్టండి. జాలీ చుట్టూ గుప్పిట మూశారంటే ఈ గుణం పోతుంది, వెంటనే కూత మొదలవుతుంది. పిల్లలకు ముందే చెప్పి ఉంచాలి. వాడని మైకులు మూసేయండి. తెరిచి ఉన్నవి రెట్టింపైతే, కూయకుండా పెంచగలిగే వాల్యూమ్ 3 డెసిబెల్స్ తగ్గుతుంది.

4. పాడేవాళ్ల వెనక సిమెంటు గోడ ఉంటే దానికి మందపాటి దుప్పటో బొంతో వేలాడదీయండి. మైకు ఆ గోడ ప్రతిధ్వనిని కూడా పడుతుంది. అపార్టుమెంటు హాల్లో అయితే కింద జంపఖానాలు తప్పనిసరి.

5. మైకును వేలితో కొట్టకండి, ఊదకండి. "హలో, మైక్ టెస్టింగ్" కూడా చాలదు. మెల్లగా పల్లవి అని చూసి సరేనన్నవారే చరణంలో తారస్థాయికి వెళ్లగానే గొంతు పగిలినట్టు వినిపిస్తుంది. వాళ్లు పాడబోయే కీర్తనలో అన్నిటికంటే పైకి వెళ్లే చోటు పాడించండి. అప్పుడు మిక్సరులో ఎర్రదీపం వెలగకుండా గెయిన్ సర్దండి, ఆ తర్వాతే ఫేడరు పైకి. లో కట్ బటన్ ఉంటే గాత్రానికి నొక్కేయండి. గాలి హోరు, స్టాండుకు కాలు తగిలిన దడదడ చాలావరకు పోతాయి. స్టాండు కింద పీచు పట్టా వేస్తే ఇంకా మంచిది.

6. మృదంగానికి మైకు పెట్టాలన్న తొందర వద్దు. యాభైమంది కూర్చున్న ముంగిట్లో అది తనంత తానే వినిపిస్తుంది. గాత్రానికీ వయొలిన్‌కూ మైకు ఇస్తే సమతూకం అదే కుదురుతుంది. వయొలిన్‌కు మైకు పైనుంచి అడుగు దూరంలో, విల్లుకు తగలకుండా ఉండాలి. వీణకు మాత్రం సాయం కావాలి. దాని మెత్తని గమకం నాలుగో వరుస దాటదు. ఎలక్ట్రానిక్ తంబురాకు వైరు పెట్టే వీలుంటే నేరుగా మిక్సరుకే ఇవ్వండి. ఒక మైకు తగ్గుతుంది.

7. మిక్సరుకూ బాక్సులకూ కరెంటు ఒకే బోర్డు నుంచి తీసుకోండి. వేర్వేరు గదుల నుంచి తెస్తే ఎర్తుల్లో తేడా వచ్చి జుమ్మని 50 హెర్ట్జ్ హోరు వినిపిస్తుంది. ఆ హోరు పోవడానికి ఎర్తు పిన్ను విరిచేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. తడి నేల, ఇనుప మైకు, పట్టుకున్నది పసివాడి చేయి. కూలరు, సీరియల్ లైట్లు వేరే లైను మీద ఉంచండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు కూడా బుయ్‌మనిపిస్తుంది.

8. వేసేటప్పుడు ముందు మిక్సరు, చివర బాక్సులు. ఆపేటప్పుడు ముందు బాక్సులు. తారుమారైతే వచ్చే ఢమ్మనే దెబ్బ బాక్సులకూ మంచిది కాదు, చెవులకూ కాదు.

9. మైకు నుంచి మిక్సరు దాకా మూడు కాళ్ల కెనాన్ పిన్ను వైరే వాడండి. ముప్పై మీటర్లు లాగినా హోరు పట్టదు. లావు పీ-38 పిన్ను మామూలు వైరు ఐదారు మీటర్లు దాటితే చుట్టుపక్కల కరెంటు చప్పుడంతా మోసుకొస్తుంది. కోఠీ గుజరాతీ గల్లీలో కొనేటప్పుడు ఒక వైరు అదనంగా తెచ్చుకోండి. సరిగ్గా కచేరీ నాడే ఒకటి పాడవుతుంది. నడిచే దారిలో వైరు మీద పట్టా కప్పండి. బ్రౌన్ టేపు వేస్తే జిగురు వదలదు, క్లాత్ టేపు మేలు.

10. పిల్లల నాట్యానికి ఫోన్లోంచి పాట వేస్తుంటే ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. పక్కనున్న ఫోన్లు కూడా మిక్సరుకు దూరంగా ఉండాలి. వైర్‌లెస్ మైకుకు కొత్త సెల్స్ వేయండి, సగం వాడినవి నాట్యం మధ్యలో మోసం చేస్తాయి.

11. ఆరుబయట మైకుకు పోలీసు స్టేషన్‌లో ముందుగా రాతపూర్వక అనుమతి తీసుకోండి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెల్స్, రాత్రి 45. సొంత సెట్టు శబ్దం ఆవరణ సరిహద్దు దగ్గర ఆ పరిమితిని 5కు మించి దాటకూడదు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట మైకు లేదు. కాబట్టి ధనుర్మాసంలో తెల్లవారుజామున తిరుప్పావై మైకు లేకుండానే చదువుకోవాలి. ఆ చీకట్లో, ఆ చలిలో ఉత్త గొంతులు వినడం నాకు ఇంకా ఇష్టం. ముందురోజు ఇరుగుపొరుగు ఇళ్లకు వెళ్లి చెప్పి రండి. పరీక్షల పిల్లలు, మంచం పట్టిన పెద్దలు ఎవరింట్లో ఉన్నారో అప్పుడే తెలుస్తుంది, బాక్సులు ఏ వైపు తిప్పాలో కూడా.

12. వైరును మోచేతికి చుట్టకండి, లోపలి తీగలు మెలిపడి తెగుతాయి. బాబాయిగారి పద్ధతి ఇది: ఒక చుట్టు మామూలుగా, తర్వాతి చుట్టు లోపలికి తిప్పి. మళ్లీ విసిరితే ముడి లేకుండా తిన్నగా పరుచుకుంటుంది. మైకుల జాలీ విప్పి, లోపలి స్పాంజి గోరువెచ్చని సబ్బునీళ్లలో ఉతికి, పూర్తిగా ఆరాకే పెట్టండి. ఒక్కో మైకుకు ఒక్కో పాత దిండు గలీబు. ఏ గాయకులకు గెయిన్ ఎంత, బాక్సు ఎక్కడ, ఎంత ఎత్తులో పెట్టామో ఒక నోటుబుక్కులో రాసి, అదీ మైకులతోపాటే ఉంచండి.