పిల్లల పందెము - పెద్దల నడవడి

వినాయకుడును కుమారస్వామియు భూప్రదక్షిణమునకు పందెము వేసికొనిన కథ తెలియని శైవగృహము లేదు. వినాయకుడు తల్లిదండ్రులకే ప్రదక్షిణము చేసి గెలిచెనని చెప్పి, మాతాపితరుల మహిమను బోధించి, పెద్దలు కథను అంతటితో ముగింతురు. కాని శివపురాణమున ఆ పందెమునకు ముందొక ఘట్టమును, వెనుక నొక ఘట్టమును గలవు. వివాహము నాకు ముందని ఒకరు, కాదు నాకే ముందని ఒకరు, అన్నదమ్ములు మొదట తమలో తాము వాదులాడుకొనిరి. ఆ వాదు తీర్చుటకే పార్వతీపరమేశ్వరులు పందెమును నియమించిరి. అనగా పోటీ పిల్లలలో పుట్టి, తల్లిదండ్రులను న్యాయాధిపతులను గావించినది. వెనుకటి ఘట్టమును తరువాత చూతము.

పూడూరు ప్రాంతమున సాయంకాలము ఏ యింటికి పోయినను ఇట్టి వాదు వినబడును. నాలుగేండ్ల పిల్ల "నేనే ఫస్టు" అని చెప్పులు విడుచును. "నేనే ఫస్టు" అని పళ్ళెము ముందు కూర్చుండును. అన్నము తినక మారాము చేయు వేళ ఆ మాట తల్లికి అక్కరకు వచ్చును. "అన్న ముందు తింటడా, నువ్వు ముందు తింటవా చూద్దాం" అనును. పళ్ళెము ఖాళీ యగును. మరునాడును అదే ఉపాయము. కొన్నాళ్ళకు స్నానమునకు, చదువునకు, నిద్రకు గూడ పందెము లేనిదే పని జరుగదు. పందెము నేర్పినది తల్లియే యని ఇరుగుపొరుగు వారందురు. సగము పగ్గము పిల్ల చేతిలోనే యున్నదని వారు గమనింపరు.

పెంపకమే పిల్లలను తీర్చునని లోకము చిరకాలము నమ్మెను. అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు రిచర్డ్ బెల్ 1968లో అట్టి పరిశోధనలను తిరిగి పరిశీలించి, పిల్లల స్వభావము గూడ పెద్దల నడవడిని మార్చునని వాదించెను. తండ్రి కఠినుడగుటచే బిడ్డ మొండి యయ్యెనా, బిడ్డ మొండి యగుటచే తండ్రి కఠినుడయ్యెనా? పెక్కు ఇండ్లలో రెండును నిజమే. డయాన్ రూబుల్ మున్నగువారు 1980లో ప్రకటించిన పరిశోధన మరియొక సంగతిని దెలిపినది. ఏడెనిమిదేండ్లు వచ్చువరకు పిల్లలు తోటివారితో పోల్చుకొని తమ శక్తిని లెక్కగట్టుకొనుట అరుదు. కావున నాలుగేండ్ల పిల్ల "ఫస్టు" ఒక ఆట మాత్రమే. ఓడినచో ఏడ్చును, పిదప మరచును. దానిని కొలబద్దగా గైకొనువారు పెద్దలే.

బడి నుండి వచ్చిన బాలుడు "వానికి పద్దెనిమిది, నాకు పదహారే" అని చెప్పి తండ్రి ముఖము వంక చూచును. పదహారునకు విలువ యెంతో వానికి ఆ ముఖము వలననే తెలియును. అంతవరకు పొరుగువానితో ఒకే బండిపై మన్నెగూడ పోయివచ్చు తండ్రి, ఆ రాత్రి నుండి పొరుగింటి బిడ్డ ఏ ట్యూషనునకు పోవుచున్నాడో ఆరా తీయును. పత్తి యమ్మిన వారమున అప్పు తీర్చుట మాని సైకిలు కొనును. అదియు పొరుగింటి సైకిలు కంటె పెద్దది. బిడ్డ యడిగినది సైకిలు మాత్రమే. పెద్దది కావలెనన్నది తండ్రి. తాండూరు భద్రేశ్వరస్వామి జాతరలో బొమ్మల దుకాణము ముందు ఒక్క గడియ నిలిచి చూచినను ఈ సంగతి బోధపడును.

ఇంటిలో ఇద్దరు బిడ్డలున్నచో చిక్కు మరింత బిగియును. గెలిచిన బిడ్డతో తల్లి గొంతు మెత్తబడును. ఓడిన బిడ్డ మూతి ముడుచును. అది చూచి తల్లి విసుగుకొని "అక్కను చూసి నేర్చుకో" అనును. ఆ మాటకు బిడ్డ మరింత మొండికెత్తును, తల్లి మరింత విసుగుకొనును. ఎవరు మొదలిడిరో పిదప ఇద్దరికిని గుర్తుండదు.

ఇక పురాణమున వెనుకటి ఘట్టము. కుమారస్వామి భూమిని చుట్టి వచ్చునప్పటికి వినాయకుని వివాహము జరిగిపోయినది. ఆయన అలిగి క్రౌంచపర్వతమునకు వెడలిపోయెను. తల్లిదండ్రులు గెలిచిన కుమారుని యొద్ద సుఖముగా నుండలేదు. తామే వెదకుచు బయలుదేరిరి. వారి రాక తెలిసి ఆయన మూడు యోజనములు దూరము జరిగెను. వారు మరలి పోక అచ్చటనే నిలిచిరి. అదియే శ్రీశైలమున మల్లికార్జున జ్యోతిర్లింగమని పురాణవచనము. నేటికిని అమావాస్యనాడు శివుడును, పున్నమినాడు పార్వతియు కుమారుని జూడ పోవుదురట. పందెపు తీర్పును వారు మార్చలేదు. ఓడిన బిడ్డ యున్న చోటికి తాము పోయిరి.

లింగపూజా సమయమునను ఈ పోటీ తొంగిచూచును. ఎవరు ఎక్కువ సేపు కదలక కూర్చుందురో యని అన్నదమ్ములు పందెము వేసికొందురు. తల్లి గడియారము చూచి ఒకని మెచ్చుకొనిన దినమున పూజయు పరీక్షయే యగును. ఎవరి కరస్థలమున వారి ఇష్టలింగమే యుండగా ఇందు ముందువెనుకలకు చోటెక్కడ?

పందెమును బొత్తిగా మాన్పింప బనిలేదు, మాన్పించినను మానరు. ఇద్దరిని ఒక పక్షముగా జేసి, అమ్మ పొయ్యి వెలిగించునంతలో తొట్టి నింపుడని చెప్పిన యెడల నీళ్ళును వచ్చును, నవ్వును వచ్చును. పదహారు తెచ్చిన బాలుని "పద్దెనిమిది ఎవనికి?" అని యడుగుటకు ముందు "పోయిన రెండు ఏ లెక్కలో పోయినవి?" అని తండ్రి యడిగి చూడవలెను. వాడు సంచి విప్పి, నోటుబుక్కు తీసి, ఆ లెక్క యున్న పుట చూపును.