పోటీ పరీక్షల ప్రత్యేకం: కేయాన్ తప్పిన నియమం

పదార్థాన్ని, ప్రతిపదార్థాన్ని ప్రకృతి ఒకేలా చూస్తుందని 1964 దాకా నమ్మేవారు. అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో జేమ్స్ క్రోనిన్, వాల్ ఫిచ్ బృందం ఆ నమ్మకాన్ని కదిలించింది. ఆ నమ్మకం ప్రకారం, ఎక్కువ కాలం నిలిచే తటస్థ కేయాన్ అనే కణం రెండు పయాన్ కణాలుగా విడిపోకూడదు. కానీ దాదాపు 500 క్షయాల్లో ఒకటి అలాగే విడిపోయింది! ఇదే సీపీ (ఆవేశం-పారిటీ) సౌష్ఠవ ఉల్లంఘన. 1980 భౌతిక నోబెల్ దీనికే.

విశ్వంలో పదార్థమే ఎందుకు మిగిలింది? కణ భౌతిక సిద్ధాంతమైన స్టాండర్డ్ మోడల్‌లోని సీపీ ఉల్లంఘన ఆ జవాబుకు చాలదు. అందుకే అరుదైన క్షయాల వేట. ఉదాహరణకు, బీఎస్ మీసాన్ అనే కణం రెండు మ్యూయాన్ కణాలుగా మారేది 100 కోట్లలో సుమారు 3 సార్లే. కొలిచిన విలువకూ స్టాండర్డ్ మోడల్ అంచనాకూ తేడా వస్తే కొత్త కణాల జాడ దొరకవచ్చు.

గుర్తుంచుకోండి: బేరియాన్ల (ప్రోటాన్ లాంటి కణాల) క్షయాల్లో సీపీ ఉల్లంఘనను సెర్న్‌లోని ఎల్‌హెచ్‌సీబీ ప్రయోగ బృందం 2025లో ప్రకటించింది.