వింటుంది గాని పలకదు

భీమునిపట్నం దగ్గర సముద్రం ఒడ్డున ఒక పల్లె ఉంది. ఆ పల్లెలో ఆడవాళ్ళు పొదుపు సంఘం పెట్టుకున్నారు. సంఘంలో పన్నెండు మంది సభ్యులు. అందరూ చేపలు అమ్ముకుని, ఎండుచేపలు చేసుకుని బతికేవాళ్ళే. వాళ్ళ మగవాళ్ళు విశాఖ రేవు నుంచి బోట్ల మీద వేటకు వెళతారు. వెళితే వారం, పది రోజుల దాకా రారు.

ఒకనాటి సాయంత్రం మీటింగులో కొత్త సంగతి వచ్చింది. సంఘం లీడరు మరిది ఓడలో పని చేస్తాడు. దేశాలు తిరుగుతాడు. సెలవు మీద ఇంటికి వచ్చాడు. అమెరికా రేవులో ఒక షాపులో చూసిన వస్తువు బొమ్మ ఫోనులో చూపించాడు.

"వదినా, దీన్ని డిజిటల్ స్కానరు అంటారు. ఇది ఒక రకం రేడియో. ఇందులో పాటలు రావు. పోలీసులు, ఫైరింజను వాళ్ళు, ఓడల వాళ్ళు వైర్‌లెస్‌లో మాట్లాడుకునే మాటలు వినిపిస్తాయి. మీరు డబ్బు కూడేసి ఇస్తే వచ్చే ట్రిప్పుకి తెస్తాను. ఇంట్లో కూచుని మన బోట్ల వాళ్ళ మాటలు వినొచ్చు."

ఆ మాట వినగానే చివరింటి కోడలు లేచి నిలబడింది. ఆమె భర్త బోటులో కళాసీ. పోయిన ఏడు వాయుగుండం పట్టినప్పుడు రెండు రోజులు అతని జాడ తెలియలేదు. ఆ రెండు రోజులూ ఆమె ఒడ్డు విడిచి రాలేదు.

"ఎంతవుద్ది అక్కా? నా వాటా నేను ఇస్తాను" అంది.

ధర 650 డాలర్లు. డాలరుకు 85 రూపాయలు వేసుకుంటే 55,250 రూపాయలు. పన్నెండు మందికి పంచితే తలకు 4,600 రూపాయల పైన పడుతుంది. లెక్క వేసింది చివరింటి కోడలే. ఆమె రాయడం నేర్చి ఏడాది కాలేదు. లెక్క మాత్రం తప్పలేదు.

లీడరు తొందరపడలేదు. "సంఘం డబ్బు. ఈ వస్తువు మంచీ చెడ్డా తెలుసుకుని చెబుదాం" అంది. ఆమె కూతురు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుతోంది. అమ్మాయి ఆదివారం ఇంటికి వచ్చింది. అందరూ లీడరు అరుగు మీద చేరారు.

"మామూలు రేడియోలో ఒక్కో స్టేషనుకి ఒక్కో నంబరు ఉంటుంది కదా" అని మొదలుపెట్టింది అమ్మాయి. "ఆ నంబరు దగ్గరకు ముల్లు తిప్పితేనే ఆ స్టేషను పలుకుతుంది. వైర్‌లెస్ మాటలకూ నంబర్లు ఉంటాయి. దాన్ని ఫ్రీక్వెన్సీ అంటారు. కాని ఎవరు ఎప్పుడు మాట్లాడతారో మనకు తెలియదు. స్కానరు ఆ నంబర్లన్నీ తనే తిరుగుతుంది. వీధిలో నడుస్తూ గుమ్మం గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, లోపల మాట వినబడుతోందా అని చూసినట్లు. మాట వినబడితే ఆగుతుంది. లేకపోతే ముందుకు పోతుంది. ఒక్క సెకనులో పదుల నంబర్లు చూసేస్తుంది."

"మరి డిజిటల్ అంటే?" అని అడిగింది ముసలమ్మ.

"మామ్మా, పాత పద్ధతిలో గొంతు ఎలా ఉంటే గాలిలో తరంగం అలా ఊగుతుంది. కొత్త పద్ధతిలో గొంతును సున్నాలు, ఒకట్లుగా మార్చి పంపుతారు. అవతల సెట్టు ఆ అంకెలను మళ్ళీ గొంతుగా మారుస్తుంది. అమెరికాలో పోలీసులు చాలా చోట్ల ఈ పద్ధతికి మారారు. పాత స్కానరుతో వింటే గరగర తప్ప ఏమీ తెలియదు. డిజిటల్ స్కానరుకు ఆ అంకెలు చదవడం వచ్చు."

ఇంకొక గుణం కూడా ఉంది. పెద్ద ఊళ్ళలో పోలీసులకు, ఫైరింజను వాళ్ళకు, ఆసుపత్రి బండ్లకు కలిపి కొన్ని చానళ్ళే ఇస్తారు. ఏది ఖాళీగా ఉంటే దానిలో మాట్లాడతారు. ఏ మాట ఏ చానల్లోకి పోవాలో కంప్యూటరు నిర్ణయిస్తుంది. ఆర్టీసీ బస్టాండు లాంటిదే ఇది. ఫలానా బస్సు ఫలానా ప్లాట్‌ఫారం మీదకు వస్తుందని మైకులో చెబుతారు. జనం అటు పరుగెడతారు. ఈ స్కానరు కూడా కంప్యూటరు చెప్పే కబురు విని, మాట వెంట ఆ చానల్లోకి పరుగెడుతుంది. చిన్న పెట్టెలో ఇంత తెలివి ఉండడం మెచ్చుకోవలసిందే.

అమెరికాలో దీని వల్ల మేలు పొందినవాళ్ళు ఉన్నారు. అడవులు తగలబడినప్పుడు మంట ఎటు వస్తోందో ఫైరింజను వాళ్ళు వైర్‌లెస్‌లో చెప్పుకుంటారు. ఆ మాట విని ముందుగానే ఇల్లు విడిచి వెళ్ళేవాళ్ళు ఉన్నారు. వాతావరణం కబుర్లు చెప్పే ప్రభుత్వ రేడియో కూడా అక్కడ చాలా స్కానర్లలో వస్తుంది.

"చూశారా, నేను చెప్పలేదూ?" అన్నాడు మరిది.

"బాబాయ్, ఇంకా ఉంది" అంది అమ్మాయి.

పోలీసులు మాటలను అంకెలుగా మార్చి ఊరుకోవడం లేదు. వాటికి తాళం కూడా వేస్తున్నారు. తాళంచెవి ఉన్న సెట్టుకే మాట అర్థమవుతుంది. ఎంత ఖరీదైన స్కానరైనా అక్కడ చెవిటిదే. డెన్వర్ నగరం 2019లో తాళం వేసింది. న్యూయార్క్ పోలీసులు 2023లో మొదలుపెట్టారు. అంటే డిజిటల్ అన్న మాటకు ఎక్కువ డబ్బు పోసి కొంటాం. ఆ డబ్బు ఏ మాటల కోసం పోశామో ఆ మాటలే వినబడకుండా పోతున్నాయి.

"పోలీసుల మాటలు మనకెందుకు? మన బోట్ల మాటో?" అంది చివరింటి కోడలు.

అసలు ప్రశ్న అదే. బోట్ల మీద ఉండే వైర్‌లెస్ సెట్టుకు వి.హెచ్.ఎఫ్. సెట్టు అని పేరు. అందులో 16వ చానలు ప్రమాదంలో పిలవడానికి. ప్రపంచమంతటా ఓడలకు, బోట్లకు అదే చానలు. దాని నంబరు 156.8 మెగాహెర్ట్జ్. ఆ చానలు ఇప్పటికీ పాత పద్ధతిలోనే నడుస్తోంది. దాన్ని వినడానికి డిజిటల్ స్కానరు అక్కరలేదు. అందులో అయిదో వంతు ధరకు వచ్చే మామూలు స్కానరు చాలు.

పాత పద్ధతికి ఇంకో మంచి గుణం ఉంది. దూరం పెరిగేకొద్దీ హోరు పెరుగుతుంది. మాట మాత్రం ఆ హోరులో సన్నగా వినబడుతూనే ఉంటుంది. ఎరిగిన గొంతైతే పోల్చుకోవచ్చు. డిజిటల్ అలా కాదు. బలంగా అందినంతసేపు గాజుబొమ్మలా స్పష్టంగా ఉంటుంది. కొంచెం తగ్గితే మాట ముక్కలైపోతుంది. ఇంకా తగ్గితే ఏమీ ఉండదు.

"హోరులోనైనా నా మనిషి గొంతు నేను పోలుస్తాను" అంది చివరింటి కోడలు. ఎవరూ నవ్వలేదు.

అప్పుడు అమ్మాయి కాగితం మీద ఒక బొమ్మ గీసింది. భూమి గుండ్రంగా ఉంటుంది. వి.హెచ్.ఎఫ్. తరంగం తిన్నగా పోతుంది. భూమి వంపు దాటి కిందికి దిగదు. అందుకే ఎత్తు మీద ఉన్నవాళ్ళు ఎక్కువ దూరం వింటారు. డాబా మీద యాంటెనా పెట్టి, బోటు మీద యాంటెనా నాలుగు మీటర్ల ఎత్తున ఉంటే, మాట సుమారు 17 కిలోమీటర్లు అందుతుంది. కొబ్బరిచెట్టంత ఎత్తున కడితే 25 దాకా రావచ్చు. మన బోట్లు అంతకంటే చాలా దూరం పోతాయి. కొండ మీద, ఓడ మీద ఎత్తయిన యాంటెనాలు ఉన్నవాళ్ళకు ఇంకొంత దూరం వినిపిస్తుంది. ఇంటి మీద స్కానరుకు వినిపించదు.

అన్నిటికంటే పెద్ద లోపం వేరే ఉంది. స్కానరుకు చెవులే గాని నోరు లేదు. భర్త "కాపాడండి" అన్నా వినగలం. "వస్తున్నారు, భయపడకు" అని చెప్పలేం.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. అండమాన్, నికోబార్ దీవులలో ఫోన్లు మూగపోయాయి. అప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లో భారతీ ప్రసాద్ అనే మహిళ ఉంది. ఆమె హామ్ రేడియో ఆపరేటరు. హైదరాబాదులోని హామ్ రేడియో సంస్థ తరఫున అక్కడికి వెళ్ళింది. హామ్ రేడియో అంటే పరీక్ష రాసి, ప్రభుత్వం దగ్గర లైసెన్సు తీసుకుని నడిపే సెట్టు. అందులో వినొచ్చు, మాట్లాడొచ్చు. ఫలానా వాళ్ళు బతికి ఉన్నారా అని ఇక్కడి బంధువులు అడిగారు. ఉన్నారని అక్కడి నుంచి ఆమె సెట్టు జవాబు పంపింది. ఆమె చేతిలో స్కానరు మాత్రమే ఉంటే ఆ అడిగిన మాట విని ఊరుకోవలసి వచ్చేది.

లైసెన్సు మాట వచ్చింది గనుక అది కూడా తెలుసుకోవాలి. 1933 నాటి చట్టం వైర్‌లెస్ సెట్టు దగ్గర ఉంచుకోవడానికే లైసెన్సు ఉండాలంది. ఒకప్పుడు ఇంట్లో పాటల రేడియోకు కూడా పోస్టాఫీసులో ఏటా రుసుము కట్టేవాళ్ళు. ఆ సంగతి ముసలమ్మకు గుర్తుంది. పాటల రేడియోకు అది పోయింది. ఇలాంటి సెట్లకు పోలేదు. 2023లో కొత్త టెలికాం చట్టం వచ్చింది. రేడియో సెట్టుకు ప్రభుత్వ అనుమతి కావాలని అందులోనూ ఉంది. అనుమతి లేకుండా ఇతరుల మాటలు చాటుగా పట్టి వింటే మూడేళ్ళ దాకా జైలు పడవచ్చు. ఓడ దిగి సంచిలో వేసుకుని తెచ్చే వస్తువు కాదు ఇది.

మరిది ఫోను జేబులో పెట్టుకున్నాడు. "నాకీ సంగతి తెలీదు వదినా" అన్నాడు. పాపం, మంచి మనసుతోనే చెప్పాడు.

ముసలమ్మ అప్పుడు నోరు విప్పింది. 1996 నవంబరు 6న కోనసీమలో వచ్చిన తుఫాను సంగతి చెప్పింది. సముద్రం మీద ఉన్న జాలరులు వందల మంది తిరిగి రాలేదు. వాళ్ళలో ఆమె అన్న ఉన్నాడు. "ఆయన మాట మేం వినలేకపోవడం కాదు పిల్లా. తుఫానొస్తుందన్న మాట ఆయనకి వినబడలేదు. బోటు మీదున్నోళ్ళకి వినబడాలి" అంది.

అరుగు మీద మాట మారిపోయింది. ఒడ్డున ఏం కొనాలి అన్నది పోయింది. బోటులో ఏం ఉంది అన్నది వచ్చింది.

బోటులో వైర్‌లెస్ సెట్టు ఉండాలి. దానికి బ్యాటరీ ఉండాలి. సెట్టు మీద 16 అంకె ఎక్కడ ఉందో సరంగుకే కాదు, కళాసీలకూ తెలియాలి. వేటకు పోయే ముందు వాతావరణం కబురు వినాలి. ఫోను అందని దూరంలో పనిచేసే ట్రాన్స్‌పాండర్ అనే పరికరం కూడా వచ్చింది. అది ఉపగ్రహం ద్వారా కబురు తీసుకుంటుంది, పంపుతుంది. దాన్ని ఇస్రో తయారు చేసింది. లక్ష పడవలకు ఉచితంగా అమర్చే పథకాన్ని కేంద్రం 2024 ఆగస్టులో మొదలుపెట్టింది. మన బోట్లకు వచ్చిందో లేదో మత్స్యశాఖ ఆఫీసులో అడగాలి. బోటు రావలసిన రోజుకు రాకపోతే కోస్టుగార్డుకు ఫోను చేయాలి. నంబరు 1554.

ఒడ్డున ఉన్నవాళ్ళకు బ్యాటరీలతో నడిచే మామూలు రేడియో ఒకటి చాలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద పడినప్పుడు కరెంటు పోయింది. ఫోన్లు పోయాయి. అలాంటప్పుడు బ్యాటరీ రేడియోకు వచ్చే విలువ అంతా ఇంతా కాదు.

చివరింటి కోడలికి మాత్రం మనసు పూర్తిగా ఒప్పలేదు. "పదిహేడు కిలోమీటర్లయినా సరే. రేవుకి వస్తున్నప్పుడు గొంతు వినబడితే చాలు నాకు" అంది. అమ్మాయి ఆమెకు కాదని చెప్పలేదు. లైసెన్సు సంగతి కాలేజీలో అడిగి చెబుతానంది.

మర్నాడు తెల్లవారుతూనే నలుగురు ఆడవాళ్ళు విశాఖ రేవుకు వెళ్ళారు. తమ మగవాళ్ళు పోయే బోట్లు మూడు. బోటు ఓనరును పిలిచి సెట్లు చూపించమన్నారు. రెండు బోట్లలో సెట్టు పలికింది. మూడో దాంట్లో లైటు కూడా వెలగలేదు. బ్యాటరీ పోయి రెండు నెలలయిందని కళాసీ ఒకడు మెల్లగా చెప్పాడు.

"ఈ ట్రిప్పు అయ్యాక వేయిస్తానమ్మా" అన్నాడు ఓనరు.

"ముందు వేయించండి బాబూ. తర్వాత ట్రిప్పు" అంది లీడరు.

ఓనరు ఏదో చెప్పబోయాడు. చివరింటి కోడలు అప్పటికే జెట్టీ మీద కూలబడింది. చేపల గంప బోర్లించి పక్కన పెట్టుకుంది. మిగతా ముగ్గురూ ఆమె పక్కన కూచున్నారు. మధ్యాహ్నం రెండు గంటలకు కొత్త బ్యాటరీ వచ్చింది.