గాలి మలుపు తిరుగుతుంది, ధూళి తిరగలేదు: బైక్ ఎయిర్ ఫిల్టర్ వెనుక భౌతికశాస్త్రం

భిలాయి సెక్టర్ 6లో వీధులన్నీ తారు రోడ్లే. టౌన్‌షిప్ దాటి దల్లీ-రాజహరా ఇనుప గనుల వైపు మట్టిదారుల్లో బైక్ నడిపి వస్తే మాత్రం బండి నిండా ఎర్రటి ధూళి పేరుకుంటుంది. పైన కనిపించే ధూళిని నీళ్లతో కడిగేస్తాం. సీటు కిందో, పక్క మూత వెనుకో ఉండే ఎయిర్ ఫిల్టర్‌లో చేరిన ధూళి కంటికి కనిపించదు. ఇంజిన్ ఎన్నేళ్లు మన్నుతుందో తేల్చేవాటిలో అదొకటి.

ఒక లీటరు పెట్రోలుకు ఎంత గాలి?

ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. లీటరు పెట్రోలు బరువు సుమారు 0.74 కిలో. అంటే లీటరుకు దాదాపు 11 కిలోల గాలి అవసరం. ఘనపరిమాణంలో చూస్తే ఇది సుమారు 9,000 లీటర్లు. ఇంజిన్ తాగే ప్రతి లీటరు పెట్రోలుకూ అంత గాలి ఫిల్టర్ గుండా వెళ్లాల్సిందే.

మట్టిదారి ధూళికి ఎరుపు రంగునిచ్చేది ఇనుము ఆక్సైడ్. అయితే ఇంజిన్‌ను ఎక్కువగా అరగదీసేది ఆ ధూళిలోని ఇసుక, అంటే క్వార్ట్జ్. మోస్ కాఠిన్య కొలమానంలో దాని స్థానం 7. అది గాజునైనా గీయగలదు. పిస్టన్ రింగులకూ సిలిండర్ గోడకూ మధ్య ఉండే ఆయిల్ పొర మందం కొన్ని మైక్రాన్లే. (మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు.) ఆ పొర కంటే పెద్ద క్వార్ట్జ్ రేణువు లోపలికి చేరితే రెండు వైపులా లోహాన్ని గీస్తుంది. క్రమంగా కంప్రెషన్ తగ్గుతుంది, ఆయిల్ ఖర్చు పెరుగుతుంది.

ఇది జల్లెడ కాదు

మట్టిదారి బైకుల్లో ఎక్కువగా వాడేది ఫోమ్ ఫిల్టర్. దాని రంధ్రాలు ధూళి రేణువుల కంటే చాలా పెద్దవి. మరి ధూళి ఎలా ఆగుతుంది? ఫోమ్‌లో గాలి దారి వంకర టింకరగా ఉంటుంది. గాలి తేలికగా మలుపు తిరుగుతుంది. బరువైన రేణువు జడత్వం వల్ల నేరుగా పోయి ఫోమ్ గోడను ఢీకొంటుంది. రేణువు వ్యాసం 10 రెట్లయితే దాని ద్రవ్యరాశి 1,000 రెట్లవుతుంది, గాలి నిరోధం మాత్రం దాదాపు 10 రెట్లే పెరుగుతుంది. అందుకే 1 మైక్రాన్ రేణువు కంటే 10 మైక్రాన్ల రేణువు మలుపులో సుమారు 100 రెట్లు సులభంగా దారి తప్పుతుంది.

ఉక్కు కర్మాగారంలో పనిచేసినవారికి ఈ సూత్రం కొత్త కాదు. బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి వచ్చే వాయువును డస్ట్ క్యాచర్‌లో కిందికి దింపి, ఒక్కసారిగా పైకి తిప్పుతారు. వాయువు తిరుగుతుంది, ముతక ధూళి అడుగున పడిపోతుంది.

అయితే పొడి ఫోమ్‌ను ఢీకొన్న రేణువు ఎగిరి మళ్లీ గాలిలో కలిసిపోవచ్చు. దాన్ని పట్టి ఉంచేది జిగురుగా ఉండే ఫిల్టర్ ఆయిల్. ఆ ఆయిల్ కేశనాళికీయత వల్ల అంటుకున్న ధూళిలోకీ పాకి, దాన్ని కూడా కొత్త ధూళికి ఉచ్చుగా మారుస్తుంది. అందుకే ఫోమ్‌ను కడిగి ఆయిల్ పట్టించకుండా బిగించడం సగం పనే. ఇంజిన్ ఆయిల్ పలచన కాబట్టి కిందికి జారిపోతుంది. ఫోమ్ ఫిల్టర్ కోసం తయారైన ఆయిలే వాడాలి.

శుభ్రం చేసే క్రమం

1. ఇంజిన్ చల్లారాక, మూత విప్పే ముందే చుట్టుపక్కల ధూళిని తడిగుడ్డతో తుడవండి.

2. ఫిల్టర్ ఏ వైపు ఎలా కూర్చుందో ఫోన్‌లో ఫొటో తీసుకొని, బయటికి తీయండి. ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టం నోటిని శుభ్రమైన గుడ్డతో మూయండి.

3. చేతి తొడుగులు వేసుకొని, ఆరుబయట, మంటకు దూరంగా, ఫోమ్‌ను ఫిల్టర్ క్లీనర్‌తో గానీ కిరోసిన్‌తో గానీ కడగండి. పెట్రోలు వద్దు. దాని ఆవిరి గాలి కంటే బరువైనది, నేల వెంట పాకి దూరంలోని నిప్పునూ అందుకోగలదు. పైగా ఫోమ్ అతుకుల జిగురును కరిగించవచ్చు. మురికి కిరోసిన్‌ను కాలువలో పోయకండి.

4. తర్వాత సబ్బునీటితో, చివరగా మంచినీటితో కడగండి. నొక్కి పిండాలి, మెలిపెడితే అతుకులు చిరుగుతాయి. నీడలో పూర్తిగా ఆరనివ్వండి.

5. ఆయిల్ వేసి, రంగు అంతటా ఒకేలా కనిపించేదాకా పిసకండి. ఎక్కువైనది పిండేయండి. మరీ ఎక్కువైతే గాలికే అడ్డుపడుతుంది.

6. ఫిల్టర్ అంచుకు పలచగా గ్రీజు రాయండి. గొట్టంలో పెట్టిన గుడ్డను తీసేసి, అంచు చుట్టూ సరిగా ఆనేలా బిగించండి.

కాగితపు ఫిల్టర్ సంగతి వేరు

రోడ్డు బైకుల్లోని కాగితపు ఫిల్టర్‌ను కడగకూడదు. కొన్నిటికి కంపెనీయే ఆయిల్ పట్టించి ఇస్తుంది. వాటికి గాలి కొట్టడం కూడా తగదు, గడువు రాగానే మార్చాలి. మాన్యువల్‌లో చెప్పిన గడువు మామూలు రోడ్లకు సంబంధించినది. ధూళి ఎక్కువైతే ముందే మార్చాలి. అలాగని ఊరికే పదే పదే విప్పడమూ మంచిది కాదు. కాగితం మీద పేరుకున్న పలచటి ధూళి పొర కూడా కొత్త ధూళిని ఆపుతుంది. విప్పిన ప్రతిసారీ దుమ్ము లోపల రాలే ప్రమాదం ఉంటుంది.

మార్చాల్సిన సమయం

ఫోమ్‌ను వెలుతురుకు ఎత్తి చూడండి. చిరుగు, విడిన అతుకు, వేలితో నొక్కితే పొడిగా రాలడం, వీటిలో ఏది కనిపించినా కొత్తది వేయాల్సిందే. మరో పరీక్ష ఇంకా ముఖ్యం. ఫిల్టర్ తీయగానే, ఇంజిన్ వైపు గొట్టం లోపల తెల్లటి గుడ్డతో తుడవండి. గుడ్డకు ఎర్రటి ధూళి అంటితే, ఫిల్టర్ ఎంత శుభ్రంగా ఉన్నా ధూళి ఎక్కడో దాన్ని తప్పించుకొని లోపలికి పోతున్నట్టే. ఫోమ్‌తోపాటు అంచు సీలునూ, గొట్టం క్లిప్పునూ సరిచేశాకే బండిని మళ్లీ మట్టిదారి ఎక్కించండి.