సెల్‌ఫోనునందలి పరారుణ దీపము

టెలివిజను, కూలరు మున్నగువాని రిమోటు పోయినపుడు సెల్‌ఫోనుతోనే ఆ పని జరుపుకొనువారు మన సభ్యులలో కొందరు గలరు. కొన్ని ఫోనుల పైయంచున నల్లని చిన్న బొట్టువంటి గాజు యుండును. దాని లోపలిదే పరారుణ దీపము. ఆ వెలుగు మన కంటికి గానరాదు. ఐఫోనులయందు ఇది లేదు. ఆండ్రాయిడ్ ఫోనులలోను అన్నిటికి లేదు.

ఈ దీపమును నడపుటకై 2013లో వెలువడిన ఆండ్రాయిడ్ 4.4 నందు కన్జ్యూమర్ ఐఆర్ మేనేజర్ అను ఏర్పాటు చేర్చబడెను. రిమోటు యాప్ దాని నడుగునవి స్వల్పమే: ఈ ఫోనుకు దీపము కలదా? అది సెకండునకు ఎన్నిమారులు మినుకుమనగలదు? ఆపైన, ఇదిగో సంకేతము, పంపుము. ఇందుకు మీ బంధుమిత్రుల నంబర్లతో గాని ఫొటోలతో గాని పని లేదు. అవి కోరు యాప్‌ను నమ్మకుడు.

సంకేతము డప్పు చాటింపువంటిది. దీపము సాధారణముగా సెకండునకు 38,000 మారులు మినుకుమనుచు, కొంత తడవు వెలిగి కొంత తడవు ఆరును. ఆ తడవులను యాప్ సెకండులో పదిలక్షవ వంతుల లెక్కన వరుసగా చెప్పును. ఎన్‌ఈసీ యను పద్ధతిలో మొదట 9,000 వంతులు వెలుగు, 4,500 వంతులు చీకటి. ఇది జనులను పిలుచు తొలిదెబ్బ. పిదప వచ్చు చీకటి పొట్టిదైన సున్న, పొడుగైన ఒకటి. ఇట్టివి 32 కూడిన ఒక ఆజ్ఞ యగును.

అయితే చాటింపువాడు ఊరివారి బదులు వినును. ఈ ఏర్పాటు పంపుటయే గాని వినుట యెరుగదు. యంత్రము ఆజ్ఞను గైకొన్నదో లేదో ఫోనుకు తెలియదు. పైగా పెక్కు యంత్రములకు నడచుటకును ఆగుటకును సంకేత మొక్కటే. రెండవమారు నొక్కిన, ఆగినది మరల తిరుగును. ఫోనులో ఆపితిమని కూలరులో చేయి పెట్టుట ప్రాణాపాయము. నీరు పోయుటకు ముందు ప్లగ్గు ఊడదీయవలెను.

పొలములోని మోటారును ఇంటినుండి నడపవచ్చునని ఇట్టి ఫోను కొనబోవువారు ఆగవలెను. ఈ వెలుగు గోడను దాటదు. ఫోనుతో నడచు మోటారు స్టార్టరులో వేరుగా సిమ్ముకార్డు యుండి, టవరు ద్వారా ఆజ్ఞ నందుకొనును. దానికి ఈ దీపముతో నిమిత్తము లేదు.

దీపము పనిచేయుచున్నదో లేదో చూచుటకు, రిమోటు యాప్‌లో మీట నొక్కుచు, ఆ గాజు నింకొక ఫోను కెమెరాకు చూపుడు. తెరపై ఊదారంగు లేక తెల్లని మినుకు కనబడిన దీపము బాగున్నదే. వెనుక కెమెరాలో కనబడకున్న ముందు కెమెరాతో చూడుడు. కొన్ని కెమెరాలు ఈ వెలుగును లోనికి రానీయవు.