సారపాక కాగితం: జామాయిల్ నుంచి గుజ్జు దాకా

పోటీ పరీక్షల ప్రత్యేకం | పర్యావరణం

భద్రాచలానికి గోదావరి ఆవలి ఒడ్డున, సారపాకలో ఐటీసీ కాగితం మిల్లు ఉంది. 1975లో భద్రాచలం పేపర్‌బోర్డ్స్‌గా ఏర్పడి, 1979లో ఉత్పత్తి మొదలుపెట్టి, 2002లో ఐటీసీలో విలీనమైంది. పాత ఖమ్మం జిల్లాలోని ఈ ఊరు 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది.

ప్రశ్నలు ఎక్కువగా గుజ్జు తయారీపైనే వస్తాయి. చెక్కలో నారను పట్టి ఉంచేది లిగ్నిన్. సోడియం హైడ్రాక్సైడ్, సోడియం సల్ఫైడ్‌లతో ఉడికించి దాన్ని విడదీయడమే క్రాఫ్ట్ పద్ధతి. మిగిలిన నల్లద్రావణాన్ని బాయిలర్‌లో మండించి ఆవిరిని, రసాయనాలను తిరిగి రాబడతారు. గుజ్జును మూలక క్లోరిన్‌తో తెల్లబరిస్తే డయాక్సిన్లు పుట్టి, నీటిలో కలిసి చేపల కొవ్వులో పేరుకుంటాయి. సారపాకలో 2002లో మూలక క్లోరిన్‌కు బదులు ఓజోన్‌తో తెల్లబరిచే పద్ధతి వచ్చింది, దేశంలో ఇదే మొదటిది.

1988 జాతీయ అటవీ విధానం ప్రకారం పరిశ్రమలు ముడిసరుకును రైతుల పొలాల నుంచి సమకూర్చుకోవాలి. అందుకే ఖమ్మం పల్లెల్లో జామాయిల్, సుబాబుల్ తోటలు పెరిగాయి. సుమారు నాలుగేళ్లకు జామాయిల్ నరికి, బెరడు ఒలిచి లారీలకెత్తుతారు. మోడు నుంచి మళ్లీ పిలకలు వస్తాయి. అయితే ఈ ఏకపంట ఇప్ప, తునికి, మద్ది ఉన్న సహజ అడవికి సాటి రాదు.

చెక్కకు ప్రత్యామ్నాయాల్లో చెరకు పిప్పి (తమిళనాడులోని కరూర్ మిల్లు), వ్యర్థ కాగితం, వెదురు ముఖ్యం. 2017 సవరణతో అడవి బయట పెంచిన వెదురును భారత అటవీ చట్టంలోని చెట్టు నిర్వచనం నుంచి తొలగించారు.